నీలంగా మిగిలిన చక్కెర

హిందూపురంలో మా నాయనకు బెల్లం మండీ. బెల్లం అచ్చు రంగు చూసి ధర చెప్పేవాడు, నోట్లో వేసుకోవాల్సిన పనే లేదు. షుగర్ జబ్బు బయటపడ్డాక చక్కెర మానేశాడు గానీ బెల్లం మానలేదు. జబ్బు పేరే షుగర్ అయినప్పుడు మధ్యలో బెల్లానికేం సంబంధమని ఆయన వాదన. రక్తపరీక్ష అంకెలు చూపిస్తే, మిషన్లు నోటికొచ్చింది చెబుతాయని కొట్టిపారేసేవాడు. ఈలోగా కాలి మీద పుండు మానకుండా మొండికేసింది. ధర్మవరంలో డాక్టరు, ఇట్లాగే తింటే వేళ్లు తీసేయాల్సి వస్తుందని మొహం మీదే చెప్పాడు. నాకు భయం వేసింది. భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది.

తిరుగు దారిలో పెనుకొండలో బస్సు దింపి, నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీ ల్యాబుకు తీసుకుపోయాను. అక్కడి బెనెడిక్ట్ ద్రావణం నీలంగా ఉంటుంది. గ్లూకోజు లాంటిది కలిపి వేడి చేస్తే ఇటుక రంగుకు తిరుగుతుంది. నాయన జేబులో ఎప్పుడూ ఉండే బెల్లం ముక్కనే కరిగించి వేశాను. ఎర్రబడింది.

"చక్కెర కూడా ఎయ్యి, చూద్దాం," అన్నాడు.

కాఫీలో వేసుకునే చక్కెర ఈ ద్రావణానికి నేరుగా చిక్కదని ఏటా పిల్లలకు చెప్పేది నేనే. వేయక తప్పలేదు. నీలం నీలంగానే ఉంది.

"యాడుండాది ఇందులో షుగర్? ఇన్నాళ్లూ ఊరికే మానుకొంటి కదమ్మా. రేపట్నుంచి చక్కెరే తింటా."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. అదే చక్కెర నీళ్లలో కాస్త యాసిడ్ వేసి మరిగించి, సోడాతో యాసిడ్‌ను విరిచి, మళ్లీ చూపించాను. ఈసారి ఎర్రబడింది. కడుపులోకి పోయాక కూడా చక్కెర ఇట్లాగే విడిపోతుందని చెప్పాను.

"యాసిడ్ పోస్తే ఏదైనా మారతాదిలేమ్మా."

ఇక మాటలతో పని కాదని ఖాళీ సీసా ఒకటి చేతికిచ్చి బాత్రూమ్ చూపించాను. ఆయన తెచ్చిన మూత్రం కొన్ని చుక్కలు ద్రావణంలో వేసి, ఆయన ముందే వేడి చేశాను. నీలం పోయి పసుపు వచ్చింది. చూస్తుండగానే గాజు గొట్టం అడుగున ఇటుక రంగు పేరుకుంది.

"నువ్వేం కలపలేదు కదా?"

"లేదు నాయనా. అదంతా నీలోనే ఉండాది."

మిషన్‌ను నమ్మకపోయినా రంగును నమ్మి బతికిన మనిషి. గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి, మండీలో అచ్చును చూసినట్టే చాలాసేపు చూశాడు. గెలిచానని నాకు అనిపించలేదు. ఏడుపు వచ్చింది.

"కడిగెయ్‌మ్మా. ఎవరన్నా చూస్తారు," అన్నాడు మెల్లగా.

బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు నిలబడి, "చక్కెర వద్దప్పా," అని చెప్పాడు.

"బెల్లం టీ ఉండాది పెద్దాయనా, ఇయ్యమంటావా?" అన్నాడు కొట్టతను.

నాయన కొట్టు బల్ల మీది బెల్లం వైపు ఒకసారి చూశాడు.

"వద్దు," అన్నాడు. "అదీ షుగరే."