పెన్సిల్‌తో నింపిన గళ్ళు

పక్కింటి పెద్దాయన పోయారని ఆయన కొడుకు మా గుమ్మంలో నిలబడి చెప్పాడు. "నిద్రలోనే పోయారు," అని, ఆ వెంటనే, "ఈ వీధిలో ఇళ్ళు త్వరగా అమ్ముడవుతాయా?" అని అడిగాడు. దేవుడు నన్ను క్షమించాలి, దుఃఖం కంటే ముందు నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ అది పోలేదు.

అమెరికాలో, ఈ శాన్ రామన్‌లో, పదేళ్ళు ఆయన మా పొరుగు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక 'సర్' అనేదాన్ని. వయసులో ఉండగా ఇంగ్లండ్‌లో ఒక స్పీడ్‌వే జట్టుకి మెకానిక్‌గా చేశారు. నలుగురు మోటారుసైకిళ్ళ మీద మట్టి బాటలో నాలుగు చుట్లు తిరిగే పందెం అది. ఆ బళ్ళకి బ్రేకులుండవు. "అయ్యో, మరెలా ఆపుతారు సర్?" అని నేను హడలిపోతే, "ఆగాలనుకునేవాడు అసలు బండే ఎక్కడు," అని నవ్వేవారు.

ఆ జట్టు ఎప్పుడో మూతపడింది. మైదానంలో సూపర్‌మార్కెట్ కట్టారట. "మేం గెలిచిన మలుపులో ఇప్పుడు చేపలు అమ్ముతున్నారు," అంటూ ముఖం చిట్లించేవారు. జట్టు కాగితాలేవీ ఎవరూ దాచలేదు. మిగిలినవల్లా ఆయన గరాజ్‌లోని పెట్టెలే. పోటీ రోజున గేటు దగ్గర ఒక చిన్న పుస్తకం అమ్మేవారట. అందులో ప్రతి పందేనికీ ఖాళీ గళ్ళుంటాయి. ఎవరు ముందొచ్చారో, ఎవరు పడిపోయారో చూసేవాళ్ళే పెన్సిల్‌తో నింపుకోవాలి. అది అక్కడి ఆనవాయితీ. ఈయన బళ్ళు బాగుచేస్తుంటే భార్య గట్టు మీద కూర్చుని నింపేవారట. వానకి తడుస్తుందేమోనని ఎప్పుడూ రెండు కొనేవారు.

ఆయనకి చేతులు వణకడం మొదలయ్యాక, ప్రతి మంగళవారం పూజ ముగించుకుని నేను వెళ్ళేదాన్ని. ఆ పుస్తకాల్లోంచి ఆయన చదివితే నోట్‌బుక్‌లో ఎక్కించేదాన్ని. జట్టు చరిత్ర పూర్తిచేయాలని ఆయన పట్టుదల. ప్రసాదం పులిహోర తింటూ "మీ దేవుడికి నోరు మండదా?" అని కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టించుకునేవారు. తొందరలో నేను చివరివాణ్ణి వదిలేస్తే ఊరుకునేవారు కాదు. "నాలుగోవాడి పేరు కూడా రాయమ్మా. ఓడిపోవడానికైనా వచ్చాడు కదా."

పదకొండేళ్ళ ఆటలో మూడేళ్ళే రాయగలిగాం.

అంత్యక్రియలైన మర్నాడు కొడుకు గరాజ్ ఖాళీ చేశాడు. గళ్ళు నింపని పుస్తకాలు కొత్తవాటిలా ఉన్నాయని పెట్టెలో సర్దుకున్నాడు. నింపినవన్నీ రీసైకిల్ బిన్‌లో పడేశాడు.

"అవి మీ అమ్మగారి చేతిరాత," అన్నాను. నా మాట నాకే సరిగా వినపడలేదు.

"పాడైపోయినవండీ. అన్నీ పిచ్చిగీతలే," అంటూ పిజ్జా ముక్క కొరికాడు.

ఇంటికొచ్చి మావారికి చెబితే, "వాళ్ళ సామాను, వాళ్ళిష్టం. మధ్యలో నీకెందుకే? పాపం, తండ్రి పోయిన బాధలో ఉన్నాడు," అన్నారు.

బాధా! నేను మాత్రం ఏం చేశాను? వెళ్ళి ఆ బిన్ మూత తీయాల్సింది. పరాయివాళ్ళ చెత్తలో చెయ్యి పెడితే బాగుండదని జపమాల పట్టుకుని కూర్చున్నాను. ఆ మర్యాద తలుచుకుంటే నా మీద నాకే రోత.

మర్నాడు పొద్దున చెత్త లారీ చప్పుడు విని, దీపం ముందు నుంచి లేచి పరిగెత్తాను. లారీ ఇనుప చెయ్యి అప్పటికే బిన్‌ని పైకెత్తింది. "ఆగండి! ఆగండి!" అని జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా, తెలుగులోనే అరిచాను, రెండు చేతులూ ఊపుతూ. పసుపుబారిన పుస్తకాలు జిడ్డు అట్టపెట్టెలతో కలిసి లోపల పడ్డాయి. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. పలకరిస్తున్నాననుకున్నాడు కాబోలు, నవ్వి, తనూ చెయ్యి ఊపి, తర్వాతి ఇంటి వైపు కదిలాడు.