కొలిచి కోసిన కోడి

మా అక్క దర్జీ. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని చిన్నప్పటినుంచీ ఏడిపిస్తుంటాను. ఈసారి మాత్రం ఏడిపించాలనిపించలేదు. వ్యాను నడిపే మా బావకు గుండెపోటు వచ్చి తగ్గింది. నూనె వేపుళ్లు మానకపోతే మళ్లీ వస్తుందని, వస్తే ప్రాణం దక్కదని డాక్టరు మొహంమీదే చెప్పాడు.

బావ వింటేగా! ఇంట్లో ఉడకేసిన కూరగాయలు కాస్త కెలికి లేచిపోతాడు. వీధి చివరకెళ్లి వేయించిన కోడి తిని, మూతి తుడుచుకుని వస్తాడు. వాసన దాగుతుందా? నాకు ఒళ్లు మండిపోయేది. అక్క మాత్రం అరవలేదు.

"తిట్టి తినిపించలేమే. రుచిగా వండి కూర్చోబెట్టాల్సిందే," అంది.

ఆ వారమే ఒక హోటల్ వంటాయన తన తెల్లకోటు వదులు చేయించుకోడానికి అక్క షాపుకొచ్చాడు. పొట్ట పెంచుకున్న మనిషిని తేలిక వంట అడగడమేమిటని నేను గొణిగాను. అక్క అడగనే అడిగింది. ఆయన ఇటలీ పద్ధతి చెప్పాడు. కోడి రొమ్ముముక్కను పల్చగా కొట్టి, టమాటా, వెల్లుల్లి, ఒరేగానో అనే ఎండిన ఆకు వేసి, ఒక్క చెంచా ఆలివ్ నూనెతో ఓవెన్‌లో కాల్చాలట.

ఆదిలోనే హంసపాదు. అక్క ముక్కమీద ప్లాస్టిక్ కాగితం కప్పి, చల్లటి ఇస్త్రీపెట్టెతో సమంగా కొట్టింది. బావ తినే పళ్లెం ఆనించి, అంచు వెంబడే చక్కగా కత్తిరించింది. ఓవెన్‌లోంచి తీసేసరికి అది అరచేయంత అయింది. పైగా ఎండి అట్టలా తయారైంది.

"మనిషికా, పిట్టకా?" అని బావ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అక్క ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది. "కొత్త గుడ్డ తడిస్తే ముడుచుకుంటుందని అందరికీ చెప్పేదాన్ని, దీనికి ఎక్కువ వదలడం మర్చిపోయానే."

మర్నాడు పళ్లెం దాటేంత ముక్క తీసుకుంది. ఎండిపోకుండా పైనంతా టమాటా గుజ్జు పరిచింది. కాలుతుంటే ఓవెన్ ముందునుంచి కదల్లేదు. ఈసారి ముక్క పళ్లేనికి సరిగ్గా సరిపోయింది. ఇల్లంతా వెల్లుల్లి ఘుమఘుమలాడింది.

బావ ఒక చూపు చూసి మొహం తిప్పుకున్నాడు. "నూనె లేని తిండి నాకు దిగదు. ఎలాగూ ఒకరోజు పోయేవాణ్ణేగా," అంటూ మళ్లీ గుమ్మంవైపు నడిచాడు.

నేను నోరు విప్పేలోగా అక్క మెల్లగా అంది.

"మీ ఎడమ భుజం కిందికి ఉంటుంది. ఆ చేతికో కొలత, ఈ చేతికో కొలత పెట్టి ఇన్నేళ్లూ కుట్టాను. ఆ చొక్కాలు ఇంకెవరికీ సరిపోవు. మీరు పోతే వాటిని నేనేం చేసుకోను?"

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బావ వెనక్కి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. తల ఎత్తకుండా పళ్లెం ఖాళీ చేశాడు.

"రేపూ ఇదేనా?"

"ఇదే. ఎల్లుండీ ఇదే."

"అయితే వెల్లుల్లి ఇంకాస్త ఎక్కువెయ్యి," అన్నాడు.