వీధి దీపం ఆపే పని

మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ టీచరు పిల్లలకొక పని పెట్టింది. వీధిలో అందరిదీ అయిన వస్తువు ఒకదాన్ని ఎంచుకుని, సొంతదానిలా చూసుకోవాలి. కుళాయి, కానుగ మొక్క, బస్టాపు బెంచీ ముందు వరుసల పిల్లలకే పోయాయి. మా అమ్మాయిది వెనక వరుస. తన దాకా వచ్చేసరికి వీధి దీపం మిగిలింది.

మాది నేత పనివాళ్ళ వీధి. దీపాలన్నిటికీ కలిపి ఒకటే స్విచ్చు, మలుపులో స్తంభానికి ఉంటుంది. దాన్ని ఎవరూ ఆపేవాళ్ళు కాదు. రాత్రీ పగలూ వెలిగేవి. మా అనంతపురం ఎండలో మధ్యాహ్నం దీపం వెలుగుతోందో లేదో తెలియాలంటే కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి. అలా చూసినవాళ్ళు కూడా లేరు.

బడి నుంచి వచ్చి అమ్మాయి సంగతి చెప్పింది. “నాయనా, పిల్లోళ్ళు కరెంటు ముట్టగూడదంట. ఇంట్లో పెద్దోళ్ళే ఆపల్లంట.”

అట్లా ఆ హోంవర్కు నాకు వచ్చింది. పొద్దున్నే చెప్పులేసుకుని, చేతులు తుడుచుకుని వెళ్ళి స్విచ్చు ఆపేవాణ్ణి. తను దూరంగా నిలబడి చూసేది. అంతకుముందు ఎవరూ ఆపలేదు కనుక వేయాల్సిన పనీ ఉండేది కాదు. నేను ఆపడం మొదలుపెట్టాక సాయంత్రం వేయడం కూడా నా మీదే పడింది. ఇంట్లో తాగిన చెంబు తీసి పక్కన పెట్టని మనిషి వీధిని చూసుకుంటున్నాడని మా ఆవిడ వాళ్ళమ్మకు ఫోన్లో చెప్పింది.

మొదట్లో వీధిలో వాళ్ళు నవ్వారు. కొన్నాళ్ళకు నవ్వడం మాని, బల్బు పోతే నాకు చెప్పడం మొదలుపెట్టారు. కాలువ నిండితే కూడా చెప్పారు.

ఆ మధ్య కంబదూరులో మా మరదలి పెళ్ళికి అందరం వెళ్ళాం. తిరిగొచ్చేసరికి చీకటి పడింది, వీధి కూడా చీకటిగానే ఉంది. పక్కింటాయన మోకాలికి కట్టు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. చీకట్లో ఇసుక కుప్ప కనపడక బండి మీద నుంచి పడ్డాడట.

“యాడికన్నా పోతే చెప్పి పోవల్ల గదప్పా” అన్నాడు.

స్విచ్చు అక్కడే ఉంది కదా, మీరెవరన్నా వేయకూడదా అని అడిగాను.

“అది నీ పని గదా” అన్నాడు. కోపంగా కాదు, నాకు తెలియనిది చెబుతున్నట్టు.

వెళ్ళి స్విచ్చు వేసి ఇంటికి వచ్చి, రేపటి నుంచి నేను ఆ స్తంభం దగ్గరికి పోనని అమ్మాయికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. “సరే నాయనా” అంది. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది.

పొద్దున నేను మగ్గం గుంటలో కూర్చునేసరికి తను పుస్తకాల సంచి తగిలించుకుని స్తంభం పక్కన నిలబడి ఉంది. నా కిటికీలోంచి కనిపిస్తుంది. వచ్చేపోయేవాళ్ళను లైటు ఆపమని అడుగుతోంది. ఒకాయన అర్జెంటు పని ఉందని చెప్పి, ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చున్నాడు. అంతలో షావుకారు స్కూటరు వచ్చింది. మా వీధికంతా పట్టు ఇచ్చేదీ, చీరలు తీసుకునేదీ ఆయనే. ఆయన ముందు మేమెవరం గట్టిగా మాట్లాడం.

“మామా, ఆ లైటు ఆపి పో” అంది మా అమ్మాయి.

మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడె నా చేతిలోంచి జారి కింద పడింది. నేను గుంటలోనే లేచి నిలబడ్డాను. ఆయన బండి ఆపాడు. ఎవరు చెప్పమన్నారని అడిగాడు.

“ఎవురూ చెప్పల్యా. నాకు అందదు. నీకు అందుతాది.”

ఆయన స్కూటరుకు స్టాండు వేసి, వెళ్ళి స్విచ్చు ఆపాడు. తర్వాత మా ఇంటికి వచ్చి చీర చూసి, ఎప్పటిలాగే అంచు బాగా రాలేదన్నాడు. లైటు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన ముందు ఇన్నేళ్ళుగా నేను ఒక్క మాట ఎదురు చెప్పింది లేదు. ఆ పూట అంచు బాగానే ఉందని చెప్పాను. ఆయన ఇంకోసారి చూసి, ఊ అన్నాడు.

షావుకారు ముట్టిన స్విచ్చును ముట్టడం ఎవరికీ చిన్నతనం కాకుండా పోయింది. పొద్దున ముందు ఎవరు ఆ దారిన వస్తే వాళ్ళు ఆపుతున్నారు. సాయంత్రం ఇంకా సర్దుకోలేదు. ఒకరు వేస్తే, అప్పుడే ఎందుకని ఇంకొకరు ఆపుతారు.

అమ్మాయి ఇప్పుడు ఐదో తరగతి. బండి మీద బడికి తీసుకెళ్తుంటే వేరే వీధుల్లో దీపాలు కనబడినా ఆపమంటుంది. దానివల్ల బడికి ఆలస్యమవుతోంది. మొన్న ఒక వీధిలో స్విచ్చు ఆపుతుంటే ఒక ముసలాయన బయటికి వచ్చి చూశాడు. రేపు కూడా వస్తారా అని అడిగాడు.

“రేపు నువ్వే తాతా” అంది మా అమ్మాయి, బండి ఎక్కుతూ.