హారన్ కొడితే వచ్చే ఒంటెలు

పోయినవి ముందు చెప్తాను. పెద్ద ఒంటెలు ఏడు. పాలు తాగే పిల్లలు మూడు. తల్లి కడుపులో ఉండగానే ఈచుకుపోయినవి రెండు. ఒంటెలు ఈనడానికి వెళ్ళే పల్లం ఒకటి, దానిలోకి దిగే బాటలు మూడు. మంద ఇచ్చే పాలు సగానికి సగం. రాత్రుళ్ళలో చీకటి మొత్తం. చమురువాళ్ళ గ్యాసు మంట వెలిగినప్పటి నుంచి మా రేకుల షెడ్డు ముందు దీపం లేకుండానే గోళ్ళు తీసుకోవచ్చు. ఇవన్నీ ఒక్కరోజులో పోలేదు. ఒక్కసారిగా పోయి ఉంటే ఎవరైనా వచ్చి చూసేవారు.

నేను చదివింది మూడో తరగతి వరకే. లెక్క నేర్చుకున్నది మదనపల్లె మండీలో, టమాటా బాక్సులు దించుతూ. అక్కడి నుంచి కువైట్ వచ్చి, కబ్ద్‌కు పడమరగా ఎడారిలో ఒంటెలు కాస్తున్నాను. మంద నా చేతికి వచ్చిన రోజు యజమాని దాన్ని ఒక్కొక్కటిగా దొడ్డి వాకిలి దాటించి నా చేతే లెక్క పెట్టించాడు. యాభై ఎనిమిది. మేము బాబా అని పిలిచే ఆ ముసలాయన పద్ధతి ఒకటే. సెలవు మీద ఇంటికి పోయేవాడు మళ్ళీ అలాగే వాకిలి దాటించి మందను అప్పగించాలి. పుట్టినవి కలపాలి, అమ్మినవి తీసేయాలి. చచ్చినదానికి వాత వేసిన చోటి తోలుముక్క తెచ్చి చూపించాలి. లెక్క కుదిరితేనే సెలవు. ఆయన చెడ్డవాడని అనను. జీతం ఏ నెలా ఆపలేదు. ఆయన తాత కూడా అలాగే చేసేవాడట.

ఆ చలికాలం ఎలాగైనా ఇంటికి పోవాలని పట్టుదలగా ఉన్నాను. నా భార్య కూడా కువైట్‌లోనే ఒక ఇంట్లో పనిచేసేది. ఒకే దేశంలో ఉన్నా మేం కలుసుకున్నది ఏడాదికి రెండు మూడుసార్లే. ఆమె ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ముగియబోతోంది. ఇక తిరిగి రానంది. వచ్చేటప్పుడు వేరువేరుగా వచ్చాం, పోయేటప్పుడైనా ఒకే విమానంలో పోదామనుకున్నాం.

"మామా టికెట్ తీస్తానంటాంది. ఒగటా, రెండా అని అడుగుతాంది. ఏం చెప్పల్ల?" అంది ఫోన్లో. మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు.

"రెండని చెప్పు."

"ఆనక లెక్కలో ఒగటి తగ్గిందని నువ్వు రాకుంటే, నీ సీట్లో ఒంటెను కూసోబెట్టుకోని పోతా సూడు."

"దానికి ఇఖామా ల్యాదు. ఎక్కనీరు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అప్పటికే మంద తీరు నాకు నచ్చడం లేదు.

చమురువాళ్ళు వచ్చినప్పుడు ముందు మాకు కనపడినవి ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు. కొన్నాళ్ళకు ఆ కర్రల వెంట రోడ్డు వచ్చింది. రోడ్డు పక్కనే దిమ్మెల మీద పక్కపక్కన నాలుగు పైపులు వచ్చాయి. చివర మంట వచ్చింది. జంతువులు దాటడానికని ఒకచోట పైపుల మీద ఇసుక పోసి దిబ్బ కట్టారు. దాటే వీలుందా అని ఎవరడిగినా ఆ దిబ్బ చూపించేవారు. నిజమే, వీలుంది.

మగ ఒంటెలు నెల తిరక్కుండానే అలవాటు పడ్డాయి. ఎండాకాలంలో పైపుల నీడన వరుసగా పడుకునేవి. పొగ ఉన్న వైపుకు ఈగలు రావని కూడా అవే కనిపెట్టాయి. వట్టిపోయిన ఆడవి కొన్ని వాటి వెంట చేరాయి. రోడ్డున పోయేవాళ్ళు కార్లు ఆపి ఫోటోలు తీసుకునేవారు. ఆ ఫోటోలు చూసినవాళ్ళు ఒంటెలకు ఏ బాధా లేదనుకుంటే తప్పు పట్టలేం. అయితే నేను రోజూ పైపుల దగ్గర ఉన్నవాటిని విడిగా లెక్కపెట్టేవాణ్ణి. వాటిలో చూడిది ఒక్కటీ ఉండేది కాదు.

ఈనే రోజులు దగ్గరపడిన ఒంటె మందను వదిలేస్తుంది. పోయినసారి ఎక్కడ ఈనిందో అక్కడికే పోవాలని చూస్తుంది. మా మందకు ఆ చోటు పైపులకు అవతలి పల్లం. చూడివి దిబ్బ దాకా వచ్చేవి, మెడ చాచి అవతలికి చూసేవి, లారీ చప్పుడు కాగానే వెనక్కి తిరిగేవి. కాసేపటికి మళ్ళీ వచ్చేవి. అలా తిరిగి తిరిగే రెండు ఈచుకుపోయాయి. మిగిలినవి దొడ్డి వెనుక గట్టినేల మీద, ఊరకుక్కలు తిరిగే చోట ఈనాయి. మూడు పిల్లలు పోయింది అక్కడే.

పెద్దవి పోయిన తీరు వేరు. మాకు మేత తెచ్చే పికప్ బండిని ఇక్కడ వానెట్ అంటారు. దాని డ్రైవరుది అమలాపురం వైపు. షువైఖ్ నుంచి బార్లీ బస్తాలు తెచ్చి, దొడ్డి దగ్గర ఆపి, రెండుసార్లు పొడుగ్గా హారన్ కొడతాడు. ఒంటెలను నోటితో పిలిచే రోజులు ఈ ఎడారిలో పోయాయి. ప్రతి మందకూ హారనే పిలుపు. అది వినపడితే కనుచూపు మేరలో ఉన్నవన్నీ పరుగున వస్తాయి. పిల్లలు పొదుగు వదలకముందే ఆ శబ్దం నేర్చుకుంటాయి.

రోడ్డు మీది లారీలవాళ్ళకు ఈ సంగతి తెలియదు. ఒంటె అడ్డొస్తే పక్కకు తప్పుకుంటుందని హారన్ కొడతారు. ఎక్కడో దూరాన మేస్తున్నవి కూడా తలెత్తి, బార్లీ వచ్చిందనుకుని రోడ్డు మీదికి పరుగెత్తుతాయి. లారీ ఎంత గట్టిగా కొడితే అంత వేగంగా వస్తాయి. ఆరు అలా పోయాయి.

మొదటిది పడిన రోజు వానెట్ డ్రైవరు దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

"నేనొచ్చాననుకుందన్నయ్యా. ఆడేమో తప్పుకోమని కొట్టాడండి, ఇదేమో భోజనానికి పిలిచారనుకుందండి."

"నువ్వింక హారన్ కొట్టొద్దప్పా."

"మరెలా పిలవమంటారండి? నేను నోటితో పిలిస్తే మా ఇంట్లో పిల్లి కూడా రాదు. ఇయ్యొస్తాయా?"

ఖాళీ నూనె డబ్బా మీద ఇనుప చువ్వతో కొట్టడం మొదలుపెట్టాం. ఒంటెలు దానికీ అలవాటు పడ్డాయి. కానీ హారన్‌ను మరిచిపోలేదు. ఒక పిలుపు ఉన్నచోట రెండయ్యాయి, అంతే. బాబా పోయి రోడ్డువాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళు ఒంటె బొమ్మ ఉన్న బోర్డు పెట్టారు.

ఏడోది మందలోకెల్లా పెద్దది, లేత గోధుమ రంగు ఆడ ఒంటె. నిండు చూడితో ఉంది. మిగతావాటిలా ఇది లారీ చప్పుడుకు వెనక్కి తిరగడం మానేసింది. దిబ్బ ముందు కదలకుండా నిలబడి ఉండేది. నాకు భయం వేసి ముందుకాళ్ళకు బంధం వేశాను. అప్పటికి టికెట్లు రెండూ వచ్చేశాయి, ప్రయాణం అదే వారం. ఇసుక గాలి వీస్తున్న ఉదయం లేచి చూస్తే తెగిన తాడు దొడ్డి వాకిట్లో పడి ఉంది.

నేనూ డ్రైవరూ వానెట్‌లో, గాలికి ఇంకా చెరగని అడుగుజాడ పట్టుకుని పోయాం. అడుగులు రోడ్డు దాటి, దిబ్బ ఎక్కి, అవతల దిగాయి. రోడ్డు మీద ట్యాంకర్లు లైట్లు వేసుకుని వరుసగా పోతున్నాయి. కాపలా మనిషి వచ్చి, అనుమతి కాగితం లేకుండా పైపులు దాటడానికి లేదన్నాడు. నడిచి పోతామన్నా ఒప్పుకోలేదు. గాలి కాస్త తెరిపిచ్చినప్పుడు పల్లం అంచున ఒంటె కనపడింది. కూర్చుంటోంది, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. నొప్పులు మొదలయ్యాయి.

డ్రైవరు చెయ్యి హారన్ మీద పెట్టాడు.

"కొట్టమంటారా అన్నయ్యా? రెండు కొడితే ఎలాగున్నదలాగే వచ్చేస్తదండి. సాయంత్రానికి మీ లెక్క సరిపోద్ది. వదినతోపాటు విమానం ఎక్కేయొచ్చు."

"మధ్యలో రోడ్డుండాది."

"సందు చూసి కొడతానండి."

నేనూ సందు కోసమే చూశాను. ఒంటె దిబ్బ దిగి రోడ్డు దాటేంతలో నాలుగు ట్యాంకర్లు పోతున్నాయి. ఒక్కోసారి ఐదు. ఎంతసేపు చూసినా మూడుకు తగ్గలేదు. ఆ దుమ్ములో వాళ్ళకు ఒంటె కనపడేది బండికి తగిలాకే. ఇంకొక సంగతి కూడా అప్పుడు నా మనసులోకి వచ్చింది. అది రోడ్డు మీద పడినా నా లెక్క కుదురుతుంది. తోలుముక్క తీసుకుపోయి బాబా ముందు పెడితే చాలు. హారన్ కొడితే ఎటు తిరిగినా నాకు సెలవు వస్తుంది. డ్రైవరు నా ముఖం వైపు చూడటం లేదు. అతనికీ తట్టే ఉంటుంది.

"చెయ్యి తియ్యప్పా," అన్నాను.

తీశాడు. అంతలో వెనుక నుంచి వచ్చిన ట్యాంకరు, మా బండి రోడ్డుకు మరీ దగ్గరగా ఉందని కాబోలు, పొడుగ్గా హారన్ కొట్టింది. పల్లం అంచున ఒంటె తలెత్తింది. మా వైపు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. డ్రైవరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఒంటె ఆగింది. కాసేపు అలాగే చూసి, వెనక్కి తిరిగి పల్లంలోకి దిగిపోయింది. ఇసుక మళ్ళీ కమ్ముకుంది.

బాబా కాగితం సంపాదించుకుని వచ్చాక ముగ్గురం లోపలికి పోయాం. ఒక పొద కింద ఎండిపోయిన మాయ కనపడింది. ఈనిందన్నమాట. చచ్చిన పిల్ల లేదు, నెత్తురు లేదు, ఎముక లేదు. అడుగులను గాలి చెరిపేసింది. పల్లం దాటితే కొత్తగా వేసిన కంచె. దాని లోపలికి మా కాగితం చెల్లదన్నారు. కంచె పొడవునా తిరిగి చూశాం. ఒకచోట తీగె ఇంకా బిగించలేదు. అక్కడి నుంచి లోపలికి చూస్తే బండ్లు తిరిగిన గుర్తులు తప్ప ఏమీ లేవు.

బాబాకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "చచ్చిందా? తోలు చూపించు. బతికుందా? తీసుకురా. రెండూ కాకుండా ఖలాస్, అయిపోయింది అని ఎలా అనను?" అన్నాడు. ఆ ఒంటెను పోయినవాటిలో వేయాలో వద్దో నాకే తెలియదు. మొదట ఏడు అని చెప్పింది కూడా చేతికి అందడం లేదు కాబట్టే.

నా భార్య ఒక్కతే వెళ్ళింది. విమానాశ్రయం నుంచి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, పైనుంచి చూస్తే నీ మంద కనపడుతుందా?"

"మంద కనపడదు. మంట కనపడుతుంది."

"పిలిస్తే వచ్చే ఒంటెను యాల పిలవకపోతివి?" అంది. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది. చెప్పాను. "బ్యాగులు లోపలికి వేయమంటాండారు, పోతా," అని పెట్టేసింది.

ఇప్పటికీ సాయంత్రం మందను వాకిలి దాటిస్తాను. బాబా తన కుర్చీలో కూర్చుని వింటాడు. పుట్టినవి, అమ్మినవి, లారీ కింద పడినవి, అన్నీ కుదిరాయి. పల్లంలో మాయ చూసింది ఆయనే కాబట్టి ఆ పిల్లను కూడా నా లెక్కలో కలిపాడు. నేను ఇంకా అప్పగించాల్సినవి రెండు.