మూడు చుక్కల కప్లింగు

షెడ్డులో అందరూ అతన్ని చుక్కల మేస్త్రి అంటారు. అరిగిన సామాను ఏది విప్పినా, ఇక పనికిరాదని తేలితే దాని మీద సెంటర్ పంచు మొన ఆనించి సుత్తితో మూడు దెబ్బలు వేస్తాడు. మూడు చుక్కలు పడ్డాయంటే దాని ఆయుష్షు చెల్లినట్టే. పదకొండేళ్ళ అలవాటు.

"చచ్చినదాన్ని ఇంకా పొడుస్తావేంటి మేస్త్రీ?" అని డ్రైవర్లు వేళాకోళం చేస్తే, "లేచి రాకుండా!" అనేవాడు.

ఆరోగ్యశాఖ బండ్లు బాగుచేసే షెడ్డు అది. మూలలన్నీ ఎర్రటి ఉమ్ములు. కిందికి దిగి పనిచేసే గుంటలో పాత ఆయిలూ వాననీళ్ళూ కలిసి చీలమండ దాకా జిడ్డు. బాగుచేయించమని మేస్త్రి రాసిన అర్జీలకి జవాబు రాలేదు గానీ, ఆఫీసరు కారు నిలపడానికి మాత్రం పక్కనే కొత్త రేకుల పందిరి వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే నర్సమ్మ వచ్చింది. వారానికి రెండుసార్లు టీకాల పెట్టె పట్టుకుని కొండ మీది ఊళ్ళకి వెళ్తుంది. దిగేటప్పుడు నెలలు నిండినవాళ్ళనీ, జ్వరంతో మూలిగే పిల్లల్నీ అదే జీపులో తీసుకొస్తుంది. నాలుగు చక్రాలూ లాగే బండి. ఆమె సర్వీసు ఎంతో దాని వయసూ అంతే.

"అన్నా, నెల రోజుల నుంచి మొత్తుకుంటున్నా. ఎత్తు ఎక్కేటప్పుడు నా కాళ్ళ కింద ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టుంది. డ్రైవరేమో 'మీకు బీపీ ఉన్నట్టుంది, చూపించుకోండమ్మా' అంటాడు."

"బీపీ నీకు కాదు చెల్లెమ్మా, బండికి."

చక్రాలకి దిమ్మలు పెట్టి గుంటలోకి దిగాడు. ఇంజను బలాన్ని చక్రాలకి మోసుకెళ్ళే పొడవాటి షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పితే అరచేతిలో కటుక్కుమంది. షాఫ్టునీ వెనక ఇరుసునీ కలిపి ఉంచేది ఒక రబ్బరు కప్లింగు. ఆరు బొక్కల మందపాటి చక్రం. అది బీటలు వారి, లోపలి నారపోగులు బయటికొచ్చి పుండులా ఉంది. ఈ పాత బండికి హ్యాండుబ్రేకు చక్రాల్లో ఉండదు, షాఫ్టు మీదే ఉంటుంది. కప్లింగు తెగితే వెనక చక్రాల లాగుడూ పోతుంది, హ్యాండుబ్రేకు పట్టూ పోతుంది. కొండ మలుపులో, లోపల ఒక నిండు గర్భిణి ఉండగా తెగితే?

షాఫ్టుకీ, ఇరుసు వైపు దాని ఎదుటి పళ్ళేనికీ సుద్దతో గీత పెట్టుకున్నాడు, మళ్ళీ ఎక్కడిది అక్కడ కూర్చోవాలని. తుప్పు పట్టిన ఆరు బోల్టులు విప్పేసరికి గంట పట్టింది. కప్లింగు ఊడదీసి, దాని బొక్కకున్న ఉక్కు కట్టు మీద మూడు చుక్కలు పొడిచి స్టోరుకి నడిచాడు.

స్టోరుకీపరు అతని భార్య తమ్ముడు. కాళ్ళావేళ్ళా పడి ఈ ఉద్యోగంలో పెట్టించింది మేస్త్రే. పాతది ముక్కలు కాకుండా అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు, అదీ రూలు. బామ్మర్ది పాతది అందుకుని, ప్లాస్టిక్ సంచీలో చుట్టిన కొత్తది చేతిలో పెట్టాడు.

"చూడు బావా, నీ జుట్టుకన్నా నల్లగా ఉంది!"

"నా జుట్టుకి రంగు నేనే వేసుకుంటాను. దీనికెవరు వేశారో?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

గుంట దగ్గరికొచ్చి సంచీ చింపగానే గుప్పుమంది వాసన. కొత్త రబ్బరు వాసన కాదు. ఈ వాసన అతనికి ఎంత పరిచయమో! ఇద్దరు మనవరాళ్ళ స్కూలు బూట్లకి రోజూ పాలిష్ వేసేది అతనే. వేళ్ళు చూసుకున్నాడు, నల్లగా అంటుకుంది. కప్లింగుని రెండు చేతులా వంచాడు. నలుపు కింద బీటలు నోళ్ళు తెరిచాయి. కిరసనాయిలు గుడ్డతో ఉక్కు కట్టు తుడిచాడు.

మూడు చుక్కలు.

నిరుడు ఇంకో జీపు నుంచి తాను విప్పి, తాను పొడిచి, తాను అప్పగించినదే! జన్మలో షెడ్డులో ఉమ్మని మనిషి ఆ పూట ఉమ్మాడు.

తిన్నగా వెళ్ళి కప్లింగుని స్టోరు బల్ల మీద పడేశాడు. ఇందాక తాను ఇచ్చింది ఇంకా అక్కడే ఉంది. రెండూ పక్కపక్కన, ఒకే తల్లి పిల్లల్లా.

"కొత్తవి ఎటు పోతున్నాయిరా?"

"నెమ్మది బావా. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో బావని. ఇక్కడ మేస్త్రిని. ఎటు పోతున్నాయి?"

"పై నుంచి వస్తేగా ఇవ్వడానికి! ఏదో సర్దాం. అయినా కొండ దాకా వెళ్ళి రావడానికి ఆ మాత్రం చాలదా?"

"ఆఫీసరు కారుకి ఏనాడైనా పాలిష్ చేసిన ముక్క వేశావా? వాళ్ళకి పాలిష్ కారు పైన. కొండవాళ్ళకి కారు కింద. అంతేనా?"

టీకాల పెట్టె చంకన పెట్టుకుని వెనకే వచ్చింది నర్సమ్మ. పెట్టెని బల్ల మీద దబ్బున పెట్టింది.

"ఏదీ, గోళ్ళు చూపించు బాబూ."

"ఎందుకమ్మా?"

"స్కూలు పిల్లలందరివీ చూస్తాను. నీవీ చూడనీ."

బామ్మర్ది చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చాలు, చూడాల్సిందేమీ మిగల్లేదు.

మేస్త్రి రంపపు బ్లేడు తెచ్చాడు. రబ్బరు పట్టేయకుండా సబ్బునీళ్ళు పోసి ఒకదాన్ని కోయడం మొదలుపెట్టాడు.

"బావా! కోస్తే నీకు కొత్తది రాదు. రూలు నీకు తెలుసుగా! బండి ఇక్కడే పడుంటుంది!"

చెయ్యి ఆగింది. నిజమే. అప్పగిస్తే అది రంగేసుకుని మళ్ళీ ఏదో బండి కిందికి చేరుతుంది. కోస్తే ఈ జీపు కదలదు. మేస్త్రి నర్సమ్మ వైపు చూశాడు.

"కొయ్యన్నా," అంది ఆమె, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "పెట్టెలో ఐసు మధ్యాహ్నం దాకా ఆగుతుంది. నేనూ ఆగుతాను. ఐసు కరిగితే ఈ మందంతా ఎందుకు పాడైందో ఊరూరా తిరిగి చెప్తాను. నాకు ఊళ్ళు తిరగడమేగా పని!"

రెండూ కలిపి నాలుగు ముక్కలయ్యేసరికి మేస్త్రి చొక్కా తడిసిపోయింది. బామ్మర్ది ముక్కల్ని చూశాడు, పెట్టెని చూశాడు, లోపలికి వెళ్ళాడు. ఇనప బీరువా తలుపు కిర్రుమంది. "పై నుంచి రాని" కప్లింగు అట్టపెట్టెతో సహా వచ్చింది. మేస్త్రి వాసన చూసి గానీ తీసుకోలేదు.

సుద్ద గీతలు కలిపాడు. ఒక బోల్టు ఇటు, ఒక బోల్టు అటు, ఆరూ మార్చి మార్చి బిగించాడు. షెడ్డు ముందున్న ఎత్తు ఎక్కించి చూస్తే జీపు కిక్కురుమనలేదు. "నా బీపీ తగ్గిందన్నా!" అని అరుస్తూ వెళ్ళిపోయింది నర్సమ్మ.

రిజిస్టరులో "పాత కప్లింగులు రెండు, నాలుగు ముక్కలుగా అప్పగించినవి" అని రాసి సంతకం పెట్టాడు మేస్త్రి. తర్వాత కుళాయి దగ్గర చేతులు మూడుసార్లు రుద్దుకున్నాడు. పాలిష్ వాసన పోలేదు. అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. పదకొండేళ్ళు! ఎన్ని బ్రేకు పైపులు, ఎన్ని స్టీరింగు ముక్కలు తన చేతులతో ఆ బల్ల మీద పెట్టాడు! చుక్కలు పొడిచాను కదా అని చేతులు దులుపుకున్నాడు. ఎటు పోతున్నాయని ఒక్కనాడూ అడగలేదు. బామ్మర్ది మీద పుట్టిన రోత తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది.

షెడ్డులో ఇంకా ఆరు బండ్లున్నాయి. చూసేదాకా ఏదీ కదలకుండా డ్రైవర్ల దగ్గర తాళాలన్నీ అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు. "ఆఫీసరుగారు అడిగితే ఏం చెప్పను బావా?"

"కిందికి దిగి చూడమను."

కిరసనాయిలు డబ్బా, గుడ్డ పట్టుకుని మేస్త్రి మొదటి బండి కిందికి దూరాడు.