పిట్ట వాలని కంకి

పొద్దున ఆరింటి బస్సుకు నల్గొండలో బయలుదేరాను. తిరుమలగిరి దగ్గరి పల్లె నుంచి అక్క జాబు రాసింది. "జొన్నచేను పాడైంది. మంచె మీద అవ్వ కునుకు తీస్తే పిట్టలు తిన్నయని మీ బావ లొల్లి. అవ్వ రెండు రోజుల సంది ముద్ద ముడ్తలేదు." అవ్వ అంటే బావ నాయినమ్మ. డెబ్బై దాటినా చేను కాయడమే ఆమెకు ఆ ఇంట్లో ఉన్న గౌరవం. వ్యవసాయ శాఖలో గుమాస్తాను కనుక అక్క దృష్టిలో నేను మహాపండితుణ్ణి. ఏదైనా తెగులేమోనని గంధకం పొట్లం ఒకటి సంచిలో వేసుకున్నాను.

ఎనిమిదిన్నరకు సూర్యాపేటలో ఉప్మా, చాయ్ కానిచ్చి బస్సు మారాను. పక్కసీటు పెద్దాయన నా కథంతా విని, "కంకి నలిపి సూడు. పిట్ట తింటే పొట్టు మిగుల్తది, కాటుక తెగులైతే చెయ్యి నల్లగైతది" అన్నాడు. మా ఆఫీసులో ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

తిరుమలగిరిలో దిగి గంట నడిచాను. చేలో బావ రాళ్లు విసిరే వడిసెల నడుముకు చుట్టుకుని కిరసనాయిలు డబ్బా వాయిస్తున్నాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే కాబోలు అనుకున్నాను. మంచె ఖాళీ. అవ్వ గట్టు మీద ముడుచుకుని కూర్చుంది.

కంకి నలిపాను. అరచెయ్యి మసి.

"పిట్ట పొడిసిన గింజకు మంచు తాకి నల్లవడ్డది" అన్నాడు బావ.

"పిట్ట నల్లకంకి మీద వాలనే వాలదు" అంది అవ్వ. "రోజు సూస్త లేనా? చెప్తే ఇనేటోడేడి?"

"నిరుడు నల్లకంకులున్నయా బావా?"

"నాలుగున్నయ్. అన్ని కలిపే కొట్టిన."

"ఆ గింజలే ఇత్తనానికి దాస్తివి. పిట్ట కండ్లముందు తిని ఎగిరిపోతది. కాటుక ఇత్తనానికి అంటుకొని నీ గుమ్మిల పండుకుంటది." గంధకం పొట్లం చేతిలో పెట్టి, విత్తే ముందు గింజలకు ఎట్లా పట్టించాలో చెప్పాను.

బావ నడుముకున్న వడిసెల విప్పి అవ్వ ఒడిలో పెట్టాడు. "ఎక్కు అవ్వా, పిట్టలొస్తున్నయ్."

"ముందుగాల నీ పెండ్లాన్ని రొట్టె తెమ్మను" అంది అవ్వ.

మూడింటికి నేను బయలుదేరేసరికి అవ్వ మంచె మీదే ఉంది. ఎదుట మంచి కంకుల మీద పిచ్చుకలు వాలాయి. వడిసెల మాత్రం కదల్లేదు.

"కొట్టవేందవ్వా?"

"నా దిక్కు సాచ్చెం చెప్పినయి. జర తిననియ్యి."

సాయంత్రం బస్సులో కండక్టరు నా చేతులు చూసి, "బొగ్గుల బేరమా పంతులూ?" అన్నాడు. పిట్టల తరఫున వకాల్తా అన్నాను. నల్గొండ దాకా నవ్వుకుంటూనే వచ్చాను.