ఇంట్లనే ఉన్న అక్కా

మా పక్కింటి మామ మొన్న వికారాబాద్ ఆసుపత్రిలో పోయాడు. "మామ ఇగ లేడు బిడ్డా" అని అమ్మ ఫోన్ చేసింది. ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం.

మాకు చుట్టరికం లేదు. తాండూరు దగ్గర పల్లెలో మాది సేద్యం చేసుకునే ఇల్లు, ఆయనది ఎరుకల ఇల్లు, మధ్యన మట్టిగోడ. అమ్మను అక్కా అనేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. వెదురు గంపలు అల్లి తాండూరులో అమ్ముకునేవాడు. నా పెళ్లికి ఇంత పెద్ద గంప అల్లి తెచ్చి, "మీ అత్త కోపం జేస్తే దీంట్ల దాక్కో బిడ్డా" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు.

రోజూ పొద్దుగూకాక, తలుపు వేసుకునే ముందు, గోడ దగ్గరికొచ్చి కేకేసేవాడు. "అక్కా, ఇంట్లనే ఉన్న!" అమ్మ "విన్న తమ్మీ" అనేదాకా కదిలేవాడు కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ముందు జవాబు చెప్పాల్సిందే. చిన్నప్పుడు అది మా మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమా ఉండేది, దాని వెనక భయమూ ఉండేదని తర్వాత తెలిసింది.

ఒకప్పటి సర్కారు ఆ కులపోళ్లందరినీ పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టింది. ఆ చట్టం ఎప్పుడో పోయింది గానీ పోలీసుల చూపు మారలేదు. చుట్టుపక్కల ఏది పోయినా జీపు ముందుగా మామ గుమ్మం దగ్గరే ఆగేది. ఒకసారి ఒక ఆసామి బావి మోటారు పోతే మామను పట్టుకుపోయారు. అంతవరకు ఠాణా మెట్లెక్కని అమ్మ కొంగు బిగించి వెళ్లింది.

"ఆనాడు ఆయన ఇంట్లనే ఉండె. నాతోని మాట్లాడి తలుపేసుకున్నడు."

"తలుపేసుకున్నంక మళ్ల పోలేదని నువ్వు జూసినవా?" అన్నాడు ఎస్సై.

చివరికి వదిలిపెట్టారు. మోటారు ఆ ఆసామి బావమరిది కొట్టంలోనే దొరికింది. బావమరిదిని ఎవరూ ఠాణాకు పిలవలేదు. మామ కుడికాలు మాత్రం మళ్లీ సరిగ్గా నేలమీద ఆనలేదు. నేను మండిపడితే ఆయనే నన్ను సముదాయించాడు. "కోపం మీకు నడుస్తది బిడ్డా. నాకు సాక్షి గావాలె."

మామ కొడుకు డిగ్రీ చదివి తాండూరులో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. అతనికి ఆ కేక నచ్చేది కాదు. "బంద్ జెయ్యి నాయినా, ఇజ్జత్ పోతుంది" అనేవాడు. మామ నవ్వి ఊరుకునేవాడు, సాయంత్రం మళ్లీ కేకేసేవాడు.

పోయిన వారం ఆసుపత్రికి వెళ్లాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, లేచి కూర్చునే ఓపిక లేదు. కిటికీ బయట చీకటి పడుతుంటే పక్క మంచం మీదాయన వైపు మెల్లగా తిరిగాడు. "అన్నా, నేను గీడనే ఉన్న. జర యాదుంచుకో." ఆయనకేమీ అర్థం కాలేదు. నేనే చెయ్యి పట్టుకుని "విన్నాం మామా" అన్నాను. అప్పుడు గానీ ఆయన నిద్రపోలేదు. బయటికొచ్చి వరండాలో కూలబడి ఏడ్చాను.

మామ కడచూపుకని వచ్చి నేను ఇంకా అమ్మ దగ్గరే ఉన్నాను. నిన్న తాండూరులో, కొడుకు పనిచేసే వీధిలో, ఏదో దుకాణం తాళం పగలగొట్టారని తెలిసింది. పొద్దుగూకగానే అమ్మ అలవాటుకొద్దీ పొయ్యి మంట తగ్గించి, మామ ఇక పిలవడని గుర్తొచ్చి అట్లాగే కూర్చుండిపోయింది.

గోడవతల అడుగుల చప్పుడైంది. కాసేపటికి కొడుకు గొంతు, పెద్దగా కాదు.

"అత్తా... ఇంట్లనే ఉన్న."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జవాబు కోసం అతను గోడవతల అట్లాగే నిలబడి ఉన్నాడు.